గుంటకు మూత, మంచుకు పార

ధ్యానమునకు: నిర్గమకాండము 21:33, 34, ద్వితీయోపదేశకాండము 22:8, యాకోబు 4:17



147వ కీర్తనలో మంచునుగూర్చియు, గడ్డకట్టిన చలినిగూర్చియు వచ్చు మాటలను మన సంఘములో చదువువారు కొంచెము త్వరగా చదివి ముందుకు పోవుదురు. వారిని తప్పుపట్టలేము. బేగంపేటలో మంచుగడ్డ చూడవలెనన్న చెరకురసపు బండియొద్దకు పోవలసినదే. మన హైదరాబాదు నగరమునకు వాతావరణశాఖవారి లెక్కలో మిక్కిలి చలి పడిన దినము 1946 జనవరి 8. ఆ దినమున సయితము 6.1 డిగ్రీలే గాని అంతకు తక్కువ కాలేదు. నీరు గడ్డకట్టుటకు అది చాలదు. లంబసింగివంటి కొండ ఊళ్లలో కొన్ని ఉదయములయందు గడ్డిమీద తెల్లని పొర కనబడును గాని, అచ్చట సయితము దారులు గడ్డకట్టి జనులు జారిపడుట మనము వినియుండలేదు.

అయినను ఈ మాసము మేము మంచునుగూర్చియే వ్రాయుచున్నాము. మన వీధులలోని అనేకుల బిడ్డలు ఇప్పుడు చికాగోలోను, టొరంటోలోను, న్యూజెర్సీలోను కాపురమున్నారు. వారి తలిదండ్రులు మనుమల ముచ్చట తీర్చుకొనుటకు పోయి, చలికాలమంతయు అచ్చటనే ఉండి వచ్చుచున్నారు. అట్లు వచ్చిన ఒకరు మాకు ఒక ప్రశ్న తెచ్చియిచ్చిరి. ఆ ప్రశ్న మంచుదేశములో పుట్టినను, తిరిగి తిరిగి మా వీధి మలుపునకే వచ్చి నిలిచినది.

ఆయన మా సంఘపెద్దలలో ఒకరు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. గడచిన చలికాలమున భార్యతోకూడ చికాగో నగరములోని కుమారుని యింట మూడు నెలలు ఉండిరి. ఒక రాత్రి మంచు విస్తారముగా కురిసెను. ఉదయము ఆరు గంటలకు, ఇంకను చీకటిగా నున్నప్పుడే, బయట గరగరమను శబ్దము విని ఆయన కిటికీయొద్దకు పోయి చూడగా, ప్రక్కయింటి ముసలామె వెడల్పాటి పారతో కాలిబాటమీది మంచును ప్రక్కకు తోసివేయుచుండెను. తన యింటిముందరిది ముగించి, వీరి యింటిముందరిది సగమువరకు తీసివేసెను. కుమారుడు సిగ్గుపడి, బూట్లు తొడిగికొని, తానును పార పట్టుకొని దిగెను. లోపలికి వచ్చిన తరువాత, "ఇంత తొందర ఎవరికొరకు?" అని తండ్రి అడుగగా, "బడిపిల్లలు ఈ దారినే పోతారు నాన్నగారూ. తపాలా ఆమె కూడా వస్తుంది. వాళ్లు పడితే?" అని చెప్పెను.

ఆ సాయంకాలమే భోజనమునకు వచ్చిన ఒక తెలుగు స్నేహితుడు ఈ సంగతి విని నవ్వి యిట్లనెను: "నువ్వు ముట్టుకోకుండా ఉండాల్సింది. పైనుంచి పడ్డ మంచుకు నీ పూచీ లేదు. నువ్వు తీసి, సగం వదిలేసి, అది కరిగి మళ్లీ గడ్డకట్టి, దానిమీద ఎవరైనా పడ్డారనుకో, అప్పుడు నీ పూచీ."

మా పెద్దాయనకు ఆ రాత్రి నిద్రపట్టలేదట. తిరిగి వచ్చిన ఆదివారమున ఆరాధన ముగిసినతరువాత వరండాలో మమ్మును నిలిపి అడిగిరి: "దేవుడు పంపిన మంచును తీయకుండా కూర్చున్నవాడు నిర్దోషి, తీయబోయి సరిగా తీయనివాడు దోషి. ఇదేమి న్యాయమండీ?"

ఆ స్నేహితుడు చెప్పినది వట్టిమాట కాదు. చికాగో నగరమున్న ఇల్లినాయ్ రాష్ట్రములో, తనంతట పడి పేరుకొనిన మంచునకు స్థలముగలవాడు పూచీదారుడు కాడను నియమమును న్యాయస్థానములు చాలకాలముగా పాటించుచున్నవి. అతడు తన చేతితో కుప్పవేసినది, అతని చూరునుండి దారిమీదికి కారి గడ్డకట్టినది, ఇవి మాత్రము వేరు. ఈ నియమమువలన కలిగిన విపరీతము చూడుడి. దుప్పటి కప్పుకొని పండుకొన్నవానికి ఏ భయమును లేదు. తెల్లవారుజామున లేచి పార పట్టినవానికి భయము కలిగెను. ఆ రాష్ట్రమువారు దీనిని గ్రహించియే 1979లో ఒక చట్టము చేసి, తన యింటిముందరి కాలిబాటను శుభ్రపరచువాడు పనిలో కొంత లోపము చేసినను, బుద్ధిపూర్వకముగా కీడు చేయనియెడల, అతనిని దావాలనుండి తప్పించిరి. నగరపు కట్టడ ఇంకను ముందుకు పోయినది. మంచు పడినప్పుడు ఇంటివారే దానిని తీసివేసి, కనీసము 5 అడుగుల వెడల్పున నడచుటకు దారి విడువవలెనని అది చెప్పుచున్నది. మాసచూసెట్స్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమైతే 2010లో, తనంతట పడిన మంచు, మనిషి చేయి సోకిన మంచు అను భేదమునే కొట్టివేసెను. ఇతర అపాయముల విషయములో స్థలముగలవాడు ఎంత జాగ్రత్తగా ఉండవలెనో మంచు విషయములోను అంతే జాగ్రత్తగా ఉండవలెనని తీర్పు చెప్పెను. నూరేండ్లకు పైబడి నిలిచిన భేదము అట్లు పోయెను.

మంచుదేశము చూడనివారికొరకు ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. మెత్తగా పడిన క్రొత్త మంచు అంత అపాయకరమైనది కాదు. అది పగటి యెండకు కొంత కరగి, నీరై దారిమీద పారి, రాత్రి మరల గడ్డకట్టినప్పుడే అపాయము. ఆ పొర గాజువలె పలుచగా నుండును. దానిక్రింది నల్లని దారి కనబడుచునే యుండును గనుక, తడి యనుకొని జనులు అడుగు వేయుదురు. వృద్ధులకు తుంటియెముక విరుగుట అట్టి చోటనే. సగము పని చేసి విడిచిన కుప్ప కరగి ఇట్టి పొరగా మారును గనుక, ఆ స్నేహితుని హెచ్చరికలో కొంత నిజమున్నది. అందుచేతనే అచ్చటివారు మంచు తీసిన తరువాత ఉప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలవద్ద గడ్డకట్టదు. కాని చలి సున్నకు దిగువ 9 డిగ్రీలు దాటిన తరువాత మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు. అప్పుడు ఇసుక చల్లవలెను. ఇసుక మంచును కరిగింపదు గాని పాదమునకు పట్టునిచ్చును. ఉప్పును దోసిళ్లకొలది పోయుటయు మంచిది కాదు. అది కరిగి వాగులలోనికి పోయి, చెట్లకును చేపలకును హాని చేయును. (సారము పోయిన ఉప్పు బయట పారవేయబడి మనుష్యులచేత త్రొక్కబడునని ప్రభువు చెప్పినది మత్తయి సువార్త 5వ అధ్యాయములో నున్నది. సారముగల ఉప్పునే కాళ్లక్రింద త్రొక్కుటకు కొని చల్లు దేశములున్నవని మా పెద్దాయన చెప్పినప్పుడు, మేము కొంతసేపు నవ్వుకొంటిమి.)

ఇప్పుడు ప్రశ్నకు వత్తము.

నిర్గమకాండము 21వ అధ్యాయములో గోతినిగూర్చి రెండు వచనములున్నవి. గొయ్యి త్రవ్వినవాడు మాత్రమే కాదు, ఇదివరకే ఉన్న గోతిని తెరచి కప్పక విడిచినవాడును, అందులో ఎద్దైనను గాడిదయైనను పడి చచ్చినయెడల, దాని సొంతదారునికి వెల చెల్లింపవలెను. వాడు చెడ్డ తలంపుతో తెరచెనా, దాహముగొన్న పశువులకు నీళ్లు తోడుటకు తెరచెనా అని ధర్మశాస్త్రము అడుగదు. మూత ఉన్నదా లేదా అని మాత్రమే అడుగును. ఈ వచనము ఆ స్నేహితుని ప్రక్కన నిలుచునట్లే కనబడును: చేయి పెట్టినవానిదే పూచీ.

అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మరియొక కట్టడ గలదు. క్రొత్త యిల్లు కట్టించినవాడు మిద్దెకు చుట్టును పిట్టగోడ కట్టవలెను. లేనియెడల ఎవడైన పడినప్పుడు ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. ఇక్కడ ఎవడును ఏ గోతిని త్రవ్వలేదు. ఎత్తు అనునది మిద్దెకు సహజము. ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. ఒకవేళ పడినవాడే అజాగ్రత్తగా నడచియుండవచ్చును. అయినను ఇంటివాడు నిర్దోషినని చెప్పుకొనుటకు వీలులేదు. ఇతరులు తిరుగు చోటు తన వశమందుండుటయే చాలును. పడకముందే గోడ ఉండవలెను. పడినతరువాత వాదన వినబడదు.

మంచు గోతికి చేరునా, పిట్టగోడకు చేరునా? మా మట్టునకు మాకు అది పిట్టగోడకే చేరునని తోచుచున్నది. మంచును పంపినవాడు దేవుడే. కాని ఆ దారి ఎవరి గడపముందు ఉన్నదో వారే దానిని మొదట చూచువారు. మేలు చేయ నెరిగియు చేయనివానికి అది పాపమగునని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయపు చివర వ్రాసెను. "నేను ముట్టలేదు" అను మాట అక్కడ నిలువదు.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. ప్రతి గడపకును పార పట్టగల చేయి ఉండదు. వయసు మీరినవారును, గుండెజబ్బు గలవారును చలిలో తడిమంచు నెత్తబోయి ప్రాణము పోగొట్టుకొనుటయు గలదు. దినమంతయు రెండు ఉద్యోగములు చేసి అర్ధరాత్రి ఇల్లు చేరువాడు ఉదయము ఏడింటికి దారి ఎట్లు తీయగలడు? ఇది నిజమైన అభ్యంతరము. పూచీ అందరిమీద సమానముగా వేసిన కట్టడ బలహీనునిమీద ఎక్కువ బరువుగా పడును. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో ఒకరి భారములు ఒకరు భరింపవలెనని 2వ వచనమును, ఎవని బరువు వాడే మోయవలెనని 5వ వచనమును ఉన్నవి. వీటిలో ఒకదానిని మాత్రమే చదివి పుస్తకము మూయువారిని మేము ఎరుగుదుము. ఏది ఎవరు చదువుదురో చెప్పనక్కరలేదు. ఆ ముసలామె రెండింటిని చదివినట్లున్నది. తన గడప ముగించెను, తరువాత పొరుగువారిది సగము తీసెను. మిగిలిన సగము వారికి విడిచిపెట్టెను.

యూదుల పండితులు ఈ గోతి వచనముమీద చాల ఆలోచించిరి. క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్చబడిన వారి మిష్నా గ్రంథములో, ఇద్దరికి ఉమ్మడిగా గల గోతినిగూర్చిన విచారణ యున్నది. మొదటివాడు దాని ప్రక్కనుండి పోయి కప్పలేదు. రెండవవాడును పోయి కప్పలేదు. అప్పుడు రెండవవాడు పూచీదారుడట. అంతేకాదు, మొదటివాడు కప్పిపోగా రెండవవాడు వచ్చి మూత తొలగియుండుట చూచి కప్పక పోయినయెడల, అప్పుడును రెండవవాడే. కడపట చూచినవానిది పూచీ. తరువాతి తల్ముదులో ఇంకొక మాట గలదు. ఇంటి కాలువనీళ్లను వీధిలోనికి విడుచుటకు వేసవిలో సెలవు లేదు, వానకాలములో సెలవు గలదు. అయితే సెలవుగలిగి విడిచినను, దానివలన ఎవనికైన హాని కలిగినయెడల విడిచినవాడే నష్టము చెల్లింపవలెను.

వానకాలము అను మాటయొద్దకు వచ్చితిమి గనుక మంచును విడిచి మన వీధికి వత్తము. ఈ వ్యాసము ఇంత దూరము తిరిగి వచ్చినది ఇక్కడికే.

బేగంపేట వాననీటికి ఎరుగనిది కాదు. కూకట్‌పల్లి నాలా మన ప్రక్కనుండియే హుస్సేన్‌సాగరమునకు పోవును. 2000 ఆగస్టు 24న ముగిసిన ఒక్క దినములో ఇక్కడ సుమారు 24 సెంటీమీటర్ల వాన పడెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన ఇంకను అందరి జ్ఞాపకమందున్నది. అట్టి రాత్రులలో బ్రాహ్మణవాడి, ప్రకాశ్‌నగర్ మొదలైన పల్లపు చోట్ల నీళ్లు ఇండ్లలోనికి వచ్చును. నిలిచిన నీరును మనము తేలికగా తీసికొనలేము. 1897 ఆగస్టు 20న రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినది మన బేగంపేటలోనే గదా. అందుచేత నీళ్లు మోకాలిబంటి వచ్చినప్పుడు మన వీధులలో ఏమి చేయుదురో అందరెరుగుదురు. నలుగురు మగవారు గడ్డపార తెచ్చి, వీధి మధ్యనున్న మ్యాన్‌హోల్ మూత లేపుదురు. నీళ్లు గిరగిర తిరిగి లోపలికి పోవును. అందరు సంతోషించి ఇండ్లకు పోవుదురు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వానరాత్రి మా వీధిలో అట్లు మూత లేపిన నలుగురిలో ఈ వ్రాయుచున్న చేయియు ఒకటి. మేము దానిలో ఒక వేపకొమ్మ నిలిపి, చాలునని అనుకొని లోపలికి పోతిమి. వాన మరల పెరిగెను. కొమ్మ ఎప్పుడు కొట్టుకొనిపోయెనో ఎవరును చూడలేదు. తెల్లవారుజామున వార్తాపత్రికలు వేయు కుర్రవాడు సైకిలుతో వచ్చి, నీళ్లక్రింద ఏమున్నదో తెలియక అందులో పడెను. సైకిలు అడ్డముగా చిక్కుకొని యుండుటచేత, దానిని పట్టుకొని చంకలవరకు దిగి ఆగెను. కాలియెముక విరిగినది. ప్రాణము దక్కినది. అందరికి అట్లు దక్కదు. 2023 ఏప్రిల్ 29న మన సికింద్రాబాదులోనే, కళాసిగూడలో, వానవేళ పాలకొరకు బయలుదేరిన ఒక చిన్న బాలిక తెరచియున్న గుంటలో పడి చనిపోయెను.

ఆ ఉదయము మేము ఒకరితో ఒకరము చెప్పుకొన్న మాటలు ఇప్పుడు తలంచుకొనగా, చికాగో స్నేహితుని మాటలే మా నోట వచ్చినట్లున్నది. వాన దేవుడు పంపినది. కాలువ సరిగా కట్టనిది అధికారులు. మేము మూత లేపినది వీధి మేలుకొరకే గాని ఎవరి కీడుకొరకును కాదు. ఇవన్నియు నిజములే. మేము ఆసుపత్రికి పోయి ఆ కుర్రవాని తల్లిని చూచినప్పుడు, ఈ నిజములలో ఒక్కటియు చెప్పుటకు నోరు రాలేదు. ఆమె కోపపడలేదు. "మూత తీసినోళ్లు ఒక్కరైనా అక్కడ నిలబడాల్సింది కదయ్యా?" అని మాత్రము అడిగెను.

మిష్నా పండితులు పుటలు పుటలుగా విచారించినది ఆమె ఒక్క మాటలో అడిగినది. మేము వీధికి పార పట్టినవారమే. పని సగములో విడిచితిమి. పార పట్టుట తప్పని మేము ఇప్పటికిని అనము. నీళ్లలో పసిబిడ్డలున్న యిండ్లుండగా చేతులు కట్టుకొని కూర్చుండినయెడల అది యాకోబు చెప్పిన పాపమే. కాని తెరచినచోట నిలువవలసియుండెను, తడిసినను నిలువవలసియుండెను. నలుగురములో ఒక్కొక్కరము గంటసేపు గొడుగు పట్టుకొని నిలిచియుంటే తెల్లవారును.

చట్టముమాట వేరు. అనుమతి లేక మ్యాన్‌హోల్ మూత తీయుట జలమండలి చట్టమునుబట్టి నేరము. 155313 అను నంబరునకు ఫోను చేసినయెడల వారి మనుష్యులు వచ్చి చేయవలసినది చేయుదురు. లోతైన గుంటలకు మూతక్రింద ఇనుపచువ్వల జాలీలును అమర్చుచున్నారు. ఇప్పుడు మా వీధిలో వానకు ముందే ఆ నంబరు గేట్లమీద వ్రాసి పెట్టితిమి. మూత కదలినట్లు ఎవరు కడపట చూచెదరో వారు, ఎవరైన వచ్చువరకు, అచ్చటనుండి కదలరాదని మాలో మేము ఒప్పుకొంటిమి. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పుడు వానపడినప్పుడెల్ల రాత్రి రెండు మారులు టార్చిలైటు పట్టుకొని వీధి చివరివరకు పోయి వచ్చును. ఆయన భార్య మొదట కోపపడెను. ఇప్పుడు గొడుగు తెచ్చి యిచ్చుచున్నది.

ఇంకొక సంగతి మిగిలినది. ఆ కుర్రవాని ఆసుపత్రి ఖర్చును, అతడు పనికి పోలేని వారముల జీతమును మేము నలుగురము కూడబెట్టి యిచ్చితిమి. ఆ సొమ్ము సంఘపు కోశాధికారి చేతిమీదుగా పోయినది గనుక, పద్దు పుస్తకములో "బీదలకు సహాయము" అని వ్రాయబడెను. మేమును దానిని చూచి సంతోషించితిమి. చికాగోనుండి వచ్చిన మా పెద్దాయన ఈ ప్రశ్న అడిగిన తరువాతనే మేము తిరిగి నిర్గమకాండము తెరచితిమి. అక్కడ సహాయము అను మాట లేదు. చెల్లింపవలెను అని యున్నది. మరుసటి ఆదివారము కోశాధికారియొద్దకు పోయి ఆ పాత పుస్తకము తీయించితిమి. ఆయన కొంచెము విసుగుకొని, అంత పాత పద్దు ఇప్పుడెందుకని అడిగెను. తరువాత ఎఱ్ఱసిరాతో "బీదలకు సహాయము" కొట్టివేసి, దానిపైన "బాకీ చెల్లు" అని వ్రాసి, మా నలుగురిచేత సంతకములు చేయించెను.